498 మంది ఒక్కటైనా ఒక్క ఓటు తక్కువే

ప్రశ్న: మయన్మార్‌లో 2015, 2020 ఎన్నికలు రెండూ ఆంగ్ సాన్ సూచీ పార్టీయే గెలిచింది కదా. సైన్యం రాయించిన రాజ్యాంగాన్ని ఎందుకు మార్చలేకపోయింది? 2021లో సైన్యం ఎమర్జెన్సీ పెట్టి అధికారం చేజిక్కించుకోవడం కనీసం ఆ రాజ్యాంగం ప్రకారమైనా చెల్లుతుందా?
- ఒక లా విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అడ్డుపడింది 436వ సెక్షన్. 2008 రాజ్యాంగం ప్రకారం అక్కడ ఉభయసభల్లో కలిపి 664 సీట్లు. 166 మందిని సర్వసైన్యాధ్యక్షుడే (దేశాధ్యక్షుడు కాదు, సైన్యాధిపతి) నామినేట్ చేస్తాడు, 498 మంది ఎన్నికవుతారు. సవరణకు మొత్తం సభ్యుల్లో 75 శాతానికి మించి ఓట్లు కావాలి. 664లో 75 శాతం సరిగ్గా 498. అంటే ఎన్నికైన వాళ్లంతా, పార్టీలకు అతీతంగా, చేయెత్తినా ఇంకో ఓటు కావాలి. అది యూనిఫాం వేసుకున్న సభ్యుడే వేయాలి. ఈ లెక్క కాకతాళీయంగా కుదిరిందంటే నేను నమ్మను.

మన 368వ అధికరణంలో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండొంతులు ఉంటే ప్రతి సభలో బిల్లు గట్టెక్కుతుంది. అక్కడ అలా కాదు, ఖాళీ సీటు కూడా వ్యతిరేక ఓటుతో సమానమే. 2015లో షాన్ రాష్ట్రంలోని ఏడు టౌన్‌షిప్‌లలో (మన తాలూకాల్లాంటివి) పోలింగే జరగలేదు, కాబట్టి 498 కూడా నిండలేదు. కీలక సెక్షన్లకైతే ఆ పైన రెఫరెండం, అందులోనూ ఓటేసిన వారిలో కాదు, మొత్తం ఓటర్లలో సగానికి పైగా ఒప్పుకోవాలి. 2015 జూన్‌లో, 2020 మార్చిలో 436ను సడలించబోయిన ప్రయత్నాలు పార్లమెంటులోనే ఆగిపోయాయి.

పిల్లలు విదేశీ పౌరులైతే అధ్యక్ష పదవికి అనర్హులన్న 59(ఎఫ్)ను దాటడానికి 2016లో మామూలు చట్టంతోనే సూచీ కోసం స్టేట్ కౌన్సెలర్ పదవి సృష్టించారు. ఆ ఆలోచన వెనుక ఉన్న న్యాయవాది కో నీని 2017 జనవరి 29న యాంగాన్ విమానాశ్రయంలో కాల్చి చంపారు.

ఇక రెండో సందేహం. 417 కింద ఎమర్జెన్సీ ప్రకటించాల్సింది అధ్యక్షుడు. అప్పటి అధ్యక్షుడు విన్ మింట్‌ను నిర్బంధించి, సైన్యం తరఫున ఉపాధ్యక్షుడైన మింట్ స్వేతో తాత్కాలిక అధ్యక్షుడి హోదాలో సంతకం చేయించారు. పదవి ఖాళీ అయితేనే ఆ హోదా వస్తుంది. రాజీనామాకు తాను ఒప్పుకోలేదని విన్ మింట్ కోర్టులోనే చెప్పాడు. నా దృష్టిలో ఆ ప్రకటన చెల్లదు. కానీ 418 ప్రకారం శాసన, కార్యనిర్వాహక, న్యాయ అధికారాలు మూడూ సర్వసైన్యాధ్యక్షుడి చేతికే వెళ్తాయి, ఇక ఎవరి ముందు వాదిస్తాం? 425వ సెక్షన్ ఎమర్జెన్సీకి ఆర్నెల్ల చొప్పున రెండు పొడిగింపులే ఇచ్చినా, ‘సాధారణంగా’ అన్న మాట అందులో ఉంది. దాన్ని పట్టుకుని 2025 జూలై 31 దాకా లాగారు.