జపాన్, చైనా వాళ్లందరూ మనకి ఒకేలా ఎందుకు కనిపిస్తారు? అలా అనిపించడం తప్పా?

నాది తిరుపతి, పని శ్రీసిటీలో, ఒక కంపెనీ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో. ఈ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ విషయంలో నా పరువు ఒకసారి బాగానే పోయింది.

కొత్త లైన్ పెట్టడానికి జపాన్ నుంచి ఆరుగురు ఇంజనీర్లు వచ్చారు. అందరికీ ఒకే యూనిఫాం, ఒకే నీలం క్యాప్. మూడో రోజు అనుకుంటా, రిజెక్ట్ అయిన పీసులు ట్రేలో పెట్టుకుని పోయి, మౌల్డ్‌లో ఎక్కడ తేడా కొడుతోందో ఒకాయనకి పది నిమిషాలు విడమరిచి చెప్పాను. పాపం, ఆయన తల ఊపుతూ మర్యాదగా అంతా విని, చివర్లో "ఐ యామ్ ఎలక్ట్రికల్" అన్నాడు. నాకు కావాల్సిన మౌల్డ్ సార్ వెనకే నిలబడి చూస్తున్నాడు. మా సూపర్‌వైజరన్న ఇప్పటికీ టీ టైంలో నన్ను "ఐ యామ్ ఎలక్ట్రికల్" అనే పిలుస్తాడు.

ఆ తర్వాత జాగ్రత్తపడి ఒక్కొక్కరికీ ఒక గుర్తు పెట్టుకున్నా. మౌల్డ్ సార్‌కి నల్ల ఫ్రేమ్ కళ్లజోడు. రెండు వారాలకి ఆయన కళ్లజోడు మార్చాడు, నా కథ మళ్లీ మొదటికొచ్చింది. అన్నాళ్లూ నేను చూసింది ఫ్రేమునే అన్నమాట!

నిజానికి ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలిసి ఉండాల్సింది. మా మామ బస్టాండు దగ్గర లాడ్జి నడిపేవాడు, సెలవుల్లో కౌంటర్లో నేను కూర్చునేవాడిని. ముందురోజు రూం తీసుకున్నాయన కొండకి పోయి, తలనీలాలు ఇచ్చి, మీసం కూడా తీయించుకుని దిగివచ్చి తాళం అడిగితే "రూములు ఖాళీ లేవు సామీ" అన్నాను. "అదేందయ్యా, నా సామానంతా నీ రూంలోనే ఉంది కదా" అని ఆయన రసీదు తీసి చూపించాడు. అదే మా బావ గుండు చేయించుకున్నప్పుడు అలిపిరి దగ్గర అంత జనంలోనూ దూరం నుంచే పోల్చుకున్నా. 1979లో బ్రిటన్‌లో దీని మీదే ఒక పరిశోధన వచ్చింది. బాగా తెలిసిన ముఖాన్ని కళ్లు, ముక్కు, నోరు ఉండే లోపలి భాగాన్ని బట్టే ఎక్కువ గుర్తుపడతామట, తెలియని ముఖం విషయంలో జుట్టు, ముఖం అంచులు కూడా అంతే పనిచేస్తాయట. గుండు చేస్తే పోయేది ఆ జుట్టే కదా.

వేరే జాతి ముఖాలకొస్తే ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. అలవాటు లేని అమెరికావాడి కళ్లకి ఆసియావాళ్లంతా ఒకేలా, ఆసియావాళ్లకి తెల్లవాళ్లంతా ఒకేలా కనిపిస్తారని 1914లోనే రాశారు. 1969లో అమెరికాలో నల్ల, తెల్ల విద్యార్థులకి ఫోటోలు చూపించి పరీక్షించినప్పటి నుంచి ఇలాంటివి చాలా జరిగాయి, 2001లో దాదాపు ఐదువేల మంది ఫలితాలు కలిపి చూసినా సొంత జాతి ముఖాలనే బాగా గుర్తుపడతామని తేలింది. ఇంకో వింత ఏమిటంటే, ముఖం ఏ జాతిదో చెప్పమంటే మాత్రం సొంత జాతి ముఖం కన్నా వేరే జాతి ముఖం విషయంలోనే త్వరగా చెప్పేస్తాం. నాకు జరిగింది సరిగ్గా ఇదే అనుకుంటా: "జపాన్ సార్" అని బోర్డు తగిలించేసి మెదడు అక్కడితో పని ముగించేసింది.

పుట్టుకతో వచ్చిన లోపమేమీ కాదిది. బ్రిటన్‌లో తెల్లజాతి పసిపిల్లల మీద చేసిన పరిశోధనలో మూడు నెలల వయసులో ఏ జాతి ముఖాలనైనా వేరుచేసి గుర్తించారు, తొమ్మిది నెలలకి సొంత జాతి దగ్గరే ఆగిపోయారు. రోజూ ఇంట్లో కనిపించే ముఖాలకి మెదడు అలా ట్యూన్ అవుతుంది. మళ్లీ మారుతుంది కూడా. మూడేళ్లకీ తొమ్మిదేళ్లకీ మధ్య ఫ్రాన్స్‌కి దత్తత పోయిన కొరియా పిల్లలు పెద్దయ్యాక తెల్లవాళ్ల ముఖాలనే బాగా గుర్తుపట్టారు.

ఇక తప్పా అంటే, 2001 నాటి ఆ లెక్కలోనే వేరే జాతి మీద ఉండే అభిప్రాయాలకీ ఈ గుర్తుపట్టలేకపోవడానికీ నేరుగా సంబంధం కనిపించలేదు, పరిచయాల ప్రభావమే కొంత కనిపించింది. అలాగని అంతా మెదడు మీదకి తోసేయడానికీ లేదు. మా హాస్టల్‌లో మణిపూర్ కుర్రాడిని డిగ్రీ అయ్యేదాకా "చైనా" అనే పిలిచాం, ఆ మూడేళ్లలో అతని ముఖం మాకు అలవాటు కాలేదంటే ఎవరు నమ్ముతారు? అమెరికాలో అయితే ఇది జైలు దాకా పోయింది. రొనాల్డ్ కాటన్ అనే నల్లజాతి యువకుణ్ని బాధితురాలైన తెల్లజాతి అమ్మాయి నేరం చేసింది ఇతనేనని పొరపాటుగా గుర్తుపట్టింది, డీఎన్ఏ పరీక్షతో 1995లో బయటికొచ్చేసరికి అతను పదేళ్లకు పైగా లోపలే గడిపాడు.

నాకు పనికొచ్చిన చిట్కా ఒకటే. గుంపుగా చూడటం మానేసి, పొద్దున్నే ఒక్కొక్కరి దగ్గరికీ పోయి పేరుకి "సాన్" (మన "గారు" లాంటిది) చేర్చి పలకరించేవాడిని, క్యాప్, కళ్లజోడు వదిలేసి కళ్లకీ కనుబొమలకీ మధ్య దూరం, నవ్వితే బుగ్గ ఎక్కడ మడత పడుతుంది, ఇలాంటివి చూసేవాడిని. నెల తిరిగేసరికి ఆరుగురూ ఆరుగురిలా కనిపించారు. అంతకుముందు ఒకేలా ఎలా అనిపించారో ఇప్పుడు ఆలోచించినా తట్టదు. ఇదంతా ఒకరోజు మౌల్డ్ సార్‌తో చెబితే ఆయన గట్టిగా నవ్వి, మా షిఫ్టులో మీసాలున్న ఎనిమిది మందీ తనకి మొదట్లో ఒకే మనిషిలా ఉండేవాళ్లన్నాడు.

పోయిన నెల కొత్త మెషీన్‌తో పాటు కొరియా నుంచి నలుగురు వచ్చారు. ఇప్పటికి ఇద్దరు వేరుపడ్డారు, మిగతా ఇద్దరి దగ్గర ఇంకా ఐడీ కార్డు చూశాకే ట్రే తీస్తున్నా.