బిల్డింగ్ కాదు బిడ్డా, మనిషిని అడుగు

బిడ్డా,

బడ్జెట్ సమావేశాలల్ల దవాఖానల ముచ్చట, ముసలోళ్ల ముచ్చట, ఈ తాగుడు, మనాది (మనసుల కుమిలిపోవుడు) ముచ్చట అన్నీ లేవనెత్తుత పెద్దబాపూ అని మొన్న ఫోన్ల అన్నవ్ గదా, విని మస్తు సంతోషమైంది. ఎమ్మెల్యే అయినంక రోడ్ల గురించి అందరు మాట్లాడుతరు, మనిషి గురించి మాట్లాడేటోళ్లు తక్కువ. ట్రెజరీల నౌకరి చేసినోన్ని, సర్కారు పైసలు ఏ తొవ్వల పోతయో ఏడ ఆగుతయో నా కండ్ల ముంగట నడిచిన సంగతి, అందుకే జెర వివరంగ రాస్తున్న, ఓపిక చేసుకొని చదువు.

కొత్తగ గెలిచినోళ్లు లేచి మా మండలానికి ముప్పై పడకల దవాఖాన కావాలె, మా ఊరికి సబ్‌సెంటర్ బిల్డింగ్ కావాలె అంటరు. బిల్డింగ్ అయితే కండ్లకు కనవడ్తది, శిలాఫలకం మీద పేరుంటది. గని బడ్జెట్ పుస్తకాలు తెరిచి చూడు, దవాఖాన బిల్డింగుల పైసలు 4210 అనే ఖాతా కింద ఉంటయి, డాక్టర్ నర్సు జీతాలు, గోలీలు, రోజూ నడిచే ఖర్చు 2210 కింద ఉంటయి, సాంఘిక భద్రత, సంక్షేమం 2235 కింద. నువ్వు 4210ల కొట్లాడి పైసలు తెస్తవు, 2210ల పోస్టు సాంక్షన్ కాదు, ఇగ ఆ కొత్త బిల్డింగ్‌కు తాళమే. నీ నియోజకవర్గ అభివృద్ధి (సీడీపీ) పైసలు కూడ గంతే, వాటితోని గోడ కట్టొచ్చు గని సబ్‌సెంటర్ల ఉండే నర్సమ్మకు, అంటే ఏఎన్ఎంకు, నెల జీతం ఇయ్యరాదు. కాబట్టి అసెంబ్లీల నీ నోట్లెకెళ్లి వచ్చే మొదటి మాట మనిషి కావాలె అనే ఉండాలె.

మన దిక్కు ఊర్లళ్ల పొద్దుగాల ఒక సబ్‌సెంటర్ కాడ గంటసేపు కూసో, ఎవరికి చెప్పకుంట పో. ఒక అవ్వ కొంగుల ముడేసుకున్న బీపీ గోలీల అట్ట ఇప్పి చూపెడ్తది, ఒక్క గోలి లేకుంట ఒడిసిపోయిన అట్ట, గివే కావాలె బిడ్డా అంటది. ఆశా వర్కర్ ఏమో మేడమ్ ఇంకో రెండూర్లు చూస్తున్నది అవ్వా, బేస్తారం వస్తది అంటది. అవ్వ మళ్ల అట్ట కొంగుల ముడేసుకొని పోతది. బేస్తారం దాక ఆమె గోలి ఏసుకోదు, ఎవరికి చెప్పదు, పక్షవాతం వచ్చిన్నాడు ఇంట్లోళ్లు ఆటో మాట్లాడుకొని వరంగల్‌కు ఉరుకుతరు. లెక్క ప్రకారం మైదానంల ఐదువేల మందికి, ఏజెన్సీల మూడువేల మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలె, ముప్పైవేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ), ఏజెన్సీల అయితే ఇరవైవేలకు. కాగితం మీద సెంటర్ల లెక్క చూస్తే సరిపోయినట్టే ఉంటది, లోపల పనిచేసే మనుషుల లెక్క వేరే ఉంటది. ఆ లెక్క పోస్టు పోస్టుకు, ఊరు ఊరుకు నువ్వే రాసుకోవాలె, ఆఫీసోళ్లు ఇచ్చింది పట్టుకొని పోకు.

ఇగ అడిగే పద్ధతి. జీరో అవర్‌ల రెండు నిమిషాలు మాట్లాడితే మంత్రిగారు నోట్ చేసుకున్నం అంటరు, పేపర్ల చిన్న ముక్క వస్తది, అయిపాయె. స్టార్ గుర్తు ప్రశ్న ఎయ్యి, దానికి సభల నోటితోని జవాబు చెప్పాలె, మీద నువ్వు అనుబంధ ప్రశ్న అడగొచ్చు. గని రాసేటప్పుడు జాగ్రత్త. మా నియోజకవర్గంల వైద్య సదుపాయాలు మెరుగుపరిచే ప్రతిపాదన ఉన్నదా అని అడిగితే పరిశీలనల ఉన్నది అని జవాబు వస్తది, దాంతోని కథ ఒడిశె. ఫలానా మండలంల మంజూరైన ఏఎన్ఎం పోస్టులు ఎన్ని, ఇయాల డ్యూటీల ఎంతమంది ఉన్నరు, ఖాళీలు ఏ నెల లోపల నింపుతరు, అందుకు 2210 కింద ఈ ఏడు ఎంత పెట్టిన్రు, ఎంత రిలీజ్ అయింది అని అడుగు. నంబర్ అడిగినకాడ నంబరే చెప్పాలె గదా. అనుబంధ ప్రశ్నకు అవకాశం వస్తే ఉపన్యాసం ఎత్తుకోకు, స్పీకర్‌గారు మైక్ కట్ చేస్తరు, ఒక్క ప్రశ్న సూటిగ అడిగి కూసో. పద్దుల మీద చర్చ వచ్చినప్పుడు 2017 జాతీయ ఆరోగ్య విధానం గుర్తు చెయ్యి, రాష్ట్రాలు బడ్జెట్‌ల ఎనిమిది శాతం కంటే ఎక్కువ ఆరోగ్యానికి పెట్టాలె, అది 2020 వరకే కావాలె అని అండ్ల రాసి ఉన్నది, మనం ఎంత పెడ్తున్నం అని సభల అడుగు. ఏ పార్టీ సర్కారు ఉన్నా అడగాల్సిన ప్రశ్నే అది.

టైం సంగతి కూడ చెప్త. మార్చిల అడిగితే బండి అప్పటికే స్టేషన్ దాటి ఉంటది. శాఖలు తమ ప్రతిపాదనలు ముందు ఏడు ఆఖర్లనే ఆర్థిక శాఖకు పంపుతయి, కాబట్టి బతుకమ్మ, దసరా ఒడువంగనే నీ చిట్టా మంత్రిగారికి, శాఖ కార్యదర్శికి రాతపూర్వకంగ చేరాలె, రసీదు తీసుకో.

మనాది సంగతి నాకు ఎక్కువ బాధ. పత్తి పోయి మిర్చి పోయి, అప్పు మీద అప్పు, పిల్లగాడు హైదరాబాద్‌ల, బిడ్డ అత్తగారింట్ల, మనిషి లోపల్లోపల కుమిలిపోతున్నా ఊర్లె ఎవ్వలకు తెల్వదు, తెలిసినా గాలి సోకింది అని తాయెత్తు కడ్తరు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంల 1996ల మొదలైంది, మనసు బాగలేనోళ్లు ఫోన్ల మాట్లాడేటందుకు 14416 టెలి మానస్ నంబర్ 2022ల వచ్చింది, తెలుగుల మాట్లాడతరు, రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, గని మన ఊర్లళ్ల ఆ నంబర్ ఎంతమందికి ఎరుక? పంచాయతీ గోడల మీద, రేషన్ షాపు కాడ, ఎనుమాముల మార్కెట్ గేటు కాడ రాయించు, దీనికి బడ్జెట్ కూడ అక్కర్లేదు. సభల అడగాల్సింది ఏందంటే, మంగపేట, ఏటూరునాగారం దిక్కు మనిషి మనసు డాక్టర్‌ను చూపించుకోవాలంటే దినం కూలి ఇడిసిపెట్టి బస్సెక్కాలె, అట్ల కాకుంట డాక్టరే వారానికో రోజు దగ్గరి దవాఖానకు రావాలె, ఆ గోలీలు పీహెచ్‌సీల దొరకాలె. తాగుడు మాన్పించే వార్డు కూడ అడుగు, మొహమాటపడకు. మందు మీద వచ్చే పైసలు 0039 అనే ఖాతాల సర్కారుకు జమ అయితయి, అండ్లకెళ్లి కొంత ఆ తాగుడుతోని కూలిపోయిన ఇండ్లకు పెట్టున్రి అంటే న్యాయమే గదా. ఆ ఇండ్లళ్ల ఆడోళ్లు ఎట్ల బతుకుతున్నరో మహిళా సంఘం మీటింగ్‌ల ఎనకంగ కూసొని వింటే నీకే తెలుస్తది.

కౌలు రైతును మర్చిపోకు. 2018ల వచ్చిన రైతు బీమా ఐదు లక్షలు మంచి స్కీమే, గని పట్టా పాస్‌బుక్ ఉన్న 18 నుంచి 59 ఏండ్లోళ్లకే, వేరేటోళ్ల భూమి పట్టి చేసేటోడు పోతే ఆ ఇంటికి ఈ బీమా రాదు. ఆత్మహత్య కేసుల ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ ఏడీ ఉండే కమిటీ చూసి సాయం ఇచ్చే తొవ్వ ఒకటి ఉన్నది, ఆ కాగితాలు చదువురాని ఆడామె ఒక్కతే తిరిగి తెచ్చుకునుడు చాన కష్టం. అసుంటి ఇంటికి ఒక మనిషిని తోడు పంపేటట్టు నీ క్యాంప్ ఆఫీసుల ఏర్పాటు చెయ్యి, సభల కౌలు రైతుకు బీమా ఎప్పుడు అని అడుగు. ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న, ఆ ఇంటోళ్ల పేరు, ఊరు సభల చదవకు. 2017 మానసిక ఆరోగ్య చట్టంల రోగి సంగతి గోప్యంగ ఉంచాలె అని ఉన్నది, చట్టం లేకున్నా నీ మాట తోని కెమెరాలు ఆ వాకిట్లెకు వస్తయి, స్కూలుకు పోయే పిల్లల తోని మాట్లాడిస్తరు.

ఒంటరి ముసలోళ్లు సాయం అడిగేటందుకు 14567 ఫోన్ నంబర్ ఉన్నది, తల్లిదండ్రులను పిల్లలు సాదాలె అనే 2007 చట్టం కింద ఆర్డీవో కాడ పిల్లల మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు, వకీల్ అక్కర్లేదు, గని కన్నకొడుకు మీద పెట్టెటోళ్లు ఎంతమంది? ఊర్లె ఒక పూట కూసొని మాట్లాడుకునే జాగ, నెలకోసారి షుగర్ బీపీ చూసే మనిషి, ఇవి అడుగు.

జవాబు వచ్చినంక, పైసలు సాంక్షన్ అయినై అని జీవో కాపీ చూపెట్టంగనే పండుగ చేసుకోకు. బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ రావాలె, బిల్లు ట్రెజరీకి పోవాలె, ఆడ టోకెన్ పడ్డంక కూడ నెలల తరబడి ఆగొచ్చు, మార్చి 31 దాటితే మురిగిపోతది. జనవరి నుంచి ప్రతి సోమవారం నీ పీఏ తోని జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసుకు ఫోన్ చేయించు, ఏ బిల్లు ఏడ ఆగిందో రాసుకోమను.

ప్రశ్నలు రాసుడు అయినంక అసెంబ్లీకి పంపేముందు నాకు వాట్సాప్ చెయ్యి, ఖాతా నంబర్లు సరి చూసి పంపుత. పిల్లలు పైలం.

మీ పెద్దబాపు
హన్మకొండ