తుంటి ఆపరేషన్‌కి మా పాపను ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. ఏడాది కిందట శిశుగృహ నుంచి పాపను దత్తత తీసుకున్నాం. ఇప్పుడు నాలుగేళ్లు. ఎడమ పక్కకి ఒరుగుతూ నడుస్తుంటే ఎక్స్‌రే తీయించాం. పుట్టుకతోనే తుంటి కీలు జారి ఉందని, ఆపరేషన్ చేసి ఛాతీ కింద నుంచి పాదం దాకా పిండికట్టు వేయాలని విజయవాడలో డాక్టరుగారు చెప్పారు. ఆస్పత్రి గేటు కనిపిస్తే చాలు, ‘నన్నిక్కడ వదిలేస్తారా?’ అని నా కొంగు పట్టుకుని ఏడుస్తోంది. బిస్కెట్లు దిండు కింద దాచుకునే అలవాటు ఇంకా పోలేదు. ముందుగా ఏమీ చెప్పకుండా తీసుకెళ్లిపొమ్మంటున్నారు మా అత్తగారు. ఏం చేయమంటారు? - ఓ తల్లి

జవాబు: చెప్పకుండా మాత్రం తీసుకెళ్లొద్దమ్మా. ఈ వయసు పిల్లలు చాలామంది సూదికి భయపడతారు. మీ పాప భయం అది కాదు, మీరు వదిలేసి వెళ్లిపోతారేమోనని. తను ఒకసారి పెంచినవాళ్ల చేతుల్లోంచి కొత్త చేతుల్లోకి వచ్చింది. వరసగా మంచాలు, ఫినాయిల్ వాసన, డ్యూటీ మారగానే మారిపోయే ముఖాలు.. వార్డును చూస్తే తనకి ఏం గుర్తొస్తుందో తను చెప్పలేదు. ‘పార్కుకు వెళ్దాం’ అని బయల్దేరదీసి ఆపరేషన్ థియేటర్‌లోకి పంపితే, అనుకున్నంతా అయిందనుకుంటుంది. అత్తగారు మనవరాలు ఏడవకూడదనే అలా అన్నారు. ఆవిడకీ ఈ మాట విడమరిచి చెప్పండి.

ఆపరేషన్‌కి మూడు నాలుగు రోజుల ముందు మొదలుపెట్టండి. మరీ ముందు చెబితే అన్ని రోజులూ బెంగే. ‘నీ కాలు బాగా నడవాలని డాక్టరుగారు లోపల సరిచేస్తారు. అప్పుడు మందుతో నిద్రపోతావు, నొప్పి తెలియదు. లేచాక నొప్పిగా ఉంటే చెప్పు, మందిస్తారు. కాలికి పెద్ద కట్టుంటుంది. అందరం కలిసి ఇంటికి వచ్చేస్తాం.’ రోజూ ఇవే మాటలు చెప్పండి. బొమ్మకు నడుం నుంచి పాదాల దాకా దూది చుట్టి, బ్యాండేజీ కట్టి, కాళ్ల మధ్య చిన్న పుల్ల పెట్టి చూపించండి. నిజం కట్టుకీ అలాగే మధ్యలో కర్ర ఉంటుంది. ఆట చివర్లో ఆ బొమ్మ ఇంటికి తిరిగి రావాలి, అది మరిచిపోవద్దు. ‘లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది’ అని మాట ఇచ్చే ముందు, మత్తు ఇచ్చేటప్పుడూ మెలకువ వచ్చేటప్పుడూ మిమ్మల్ని ఉండనిస్తారా అని ఆస్పత్రిలో అడగండి. చాలాచోట్ల అడిగితే ఒప్పుకుంటారు. ‘అల్లరి చేస్తే డాక్టర్ సూది పొడుస్తాడు’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

ఇక ఆ బిస్కెట్లు. మీరు ఈ సంగతి రాయడం చాలా మంచిదైంది. సాధారణంగా మత్తుకు 6 గంటల ముందు నుంచి తిండి, పాలు ఆపేస్తారు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు ఇస్తారు. సరైన టైము మీ మత్తు డాక్టరే చెబుతారు. కడుపులో తిండి ఉంటే, మత్తులో అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆకలంటే భయమున్న పిల్లకి ఈ కొద్ది గంటలే మహా కష్టం. అందుకే తనను మొదటి కేసుగా పెట్టమని అడగండి. ముందురోజు రాత్రి దిండు కిందవీ, గౌను జేబులోవీ తనతోనే తీయించి ఓ డబ్బాలో పెట్టించండి. ‘ఇవి నీవే, ఎవరూ తీసుకోరు, నా దగ్గరే ఉంటాయి’ అనండి. తిట్టొద్దు, వెతికి లాక్కోవద్దు. డాక్టర్ తినమన్నాక ఆ డబ్బా తన చేతికే ఇవ్వండి. వార్డు నర్సుకూ ఈ అలవాటు గురించి చెప్పి ఉంచండి.

మత్తు డాక్టర్ ‘మీ వంశంలో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా?’ అని అడుగుతారు. దత్తత పాప అని, వివరాలు తెలియవని నేరుగా చెప్పండి. అప్పుడే వాళ్లు తగిన జాగ్రత్త తీసుకోగలరు. దత్తత సమయంలో ఇచ్చిన వైద్య పరీక్షల రిపోర్టు, టీకాల కార్డు, దత్తత ఉత్తర్వు నకలు వెంట ఉంచుకోండి. ఆపరేషన్ అంగీకార పత్రం మీద తల్లిదండ్రులుగా సంతకం పెట్టే హక్కు పూర్తిగా మీదే. హిమోగ్లోబిన్ తక్కువుంటే కొన్ని వారాల ముందు నుంచే ఐరన్ ఇవ్వాలి. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) పరీక్ష చేయించారా అనీ అడగండి. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచొద్దు, కొన్ని వారాలు వాయిదా పడితే నష్టం లేదు. ఏళ్ల తరబడి మాత్రం ఆపకండి, వయసు పెరిగేకొద్దీ తొడ ఎముక తల కూర్చునే కీలు గిన్నె సర్దుకునే అవకాశం తగ్గిపోతుంది. పక్క మంచం వాళ్లు ‘పోలికలు ఎవరివి?’ అని అడిగితే జవాబు చెప్పాల్సిన పని లేదు. ముఖ్యంగా పాప వింటుండగా.

కట్టు సాధారణంగా 6 నుంచి 12 వారాలు ఉంటుంది. ఆటోలో పట్టదు, విజయవాడ నుంచి ఇంటికి కారు మాట్లాడుకోండి. కాళ్ల మధ్య కర్ర పట్టుకుని ఎత్తొద్దు, కట్టు విరుగుతుంది. చిన్న డైపర్‌ను కట్టు అంచు లోపలికి దోపి, తరచూ మార్చండి. రెండు మూడు గంటలకోసారి పాపను ఒక పక్క నుంచి మరో పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మన ఎండలకి లోపల దురద పుడుతుంది. స్కేలు, పుల్ల లాంటివి దూర్చనివ్వొద్దు, పౌడర్ వేయొద్దు. ఫ్యాన్ గాలి తగిలేలా పడుకోబెట్టండి. మళ్లీ పక్క తడపడం, చంకదిగకపోవడం లాంటివి కొన్నాళ్లు ఉంటాయి, కంగారుపడకండి. కాలి వేళ్లు మాత్రం రోజుకు చాలాసార్లు చూడండి. నీలంగానో తెల్లగానో మారినా, చల్లబడినా, కదపలేకపోయినా, మందు వేసినా నొప్పి తగ్గకపోయినా, కట్టులోంచి దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.