ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ కాలేజీ ఫీజు కోసం కాదు

ప్రశ్న: మాది చిత్తూరు. నా వయసు 30. ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడేళ్లుగా సైన్సు చెబుతున్నాను. బీఈడీ చేశాను. జీతం 22,000. మావారు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సీజన్ మూడు నెలలు ఓవర్‌టైమ్‌తో 26,000, మిగతా నెలల్లో 21,000 వస్తుంది. నాలుగేళ్ల పాప ఉంది. బండి ఈఎంఐ, అత్తమామలకు పంపేది కలిపి ఇంటి ఖర్చు నెలకు 33,000. ఆరు వేలు దాచుతున్నాం. పరీక్షల రోజుల్లో పిల్లలు నా దగ్గరికొచ్చి ఏడుస్తుంటే వాళ్లకు సరైన సాయం చేయడం నేర్చుకోవాలనిపించింది. ఉద్యోగం మానేసి, తిరుపతి హాస్టల్లో ఉండి, రెండేళ్ల ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ సైకాలజీ చేసి స్కూల్ కౌన్సెలర్ కావాలనుకుంటున్నాను. ఫీజు, పుస్తకాలకు రెండేళ్లకు 1,20,000, హాస్టలుకు నెలకు 6,500 అవుతుంది. మాకు 1,90,000 ఫిక్స్‌డ్ డిపాజిట్, పది సవర్ల బంగారం ఉన్నాయి. డిపాజిట్ తీసి ఫీజు కట్టి, నగల మీద పది శాతం వడ్డీకి 2,50,000, తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 1,50,000 తీసుకుందామని అనుకున్నాం. అప్పు ఇచ్చే ఆ తెలిసినాయన డబ్బు సిద్ధంగా ఉంచానన్నారు. మా ప్రణాళిక సరైనదేనా?

జవాబు: మీరు ఎంచుకున్న పని మంచిది. దాన్ని మానుకోమని నేను చెప్పను. కానీ మీ ప్రణాళిక సరైనది కాదు. మీ ఉత్తరాన్నే జవాబుకు ఎంచుకోవడానికి కారణం, ఉద్యోగం మానేసి పై చదువుకు వెళ్లాలనుకునే వారిలో చాలామంది చేసే పొరపాటు ఇందులో స్పష్టంగా కనిపించడం. చదువు ఖర్చు అనగానే వారికి ఫీజు గుర్తుకొస్తుంది, ఆ ఫీజు కట్టడానికి ఇంట్లో చేతికి అందే మొదటి డబ్బు అత్యవసరానికి దాచుకున్నదే అవుతుంది. జీతం ఆగిపోయిన ఇల్లు రెండేళ్లు ఎలా నడుస్తుందన్న లెక్క మాత్రం మిగిలిపోతుంది.

ఆ లెక్క మీరిచ్చిన అంకెలతోనే వేద్దాం. మీవారి జీతం సీజన్, సీజన్ కాని నెలలు కలిపి చూస్తే సగటున నెలకు 22,250. ఇంటి ఖర్చు 33,000 కనుక మీ జీతం ఆగిన రోజు నుంచి నెలకు 10,750 లోటు. హాస్టలు ఖర్చు కలిపితే 17,250. రెండేళ్లకు అది 4,14,000 అవుతుంది, ఫీజు చేర్చితే 5,34,000. మీరు సమకూర్చుకోబోయే మొత్తం 5,90,000 కాబట్టి సరిపోతుందనుకున్నారు. వడ్డీ వేయడం మరిచిపోయారు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, అంటే లక్షన్నరకు నెలకు 3,000 చొప్పున రెండేళ్లలో 72,000 కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. నగల మీది వడ్డీ మరో 50,000. కావలసింది 6,56,000 అయింది, చేతిలో ఉన్నది 5,90,000. నెల నెలా లెక్కిస్తే ఇరవై ఒకటో నెల ముగిసేసరికి డబ్బంతా అయిపోతుంది. అప్పటికి మీరు చివరి సెమిస్టరులో ఉంటారు. ఇంట్లో ఎవరికీ జ్వరం రాకుండా, బండి పాడవకుండా, ఫ్యాక్టరీ ఒక్క నెల కూడా జీతం ఆపకుండా ఉంటేనే ఈ మాత్రం.

ఫ్యాక్టరీ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2025 సీజన్లో తోతాపురి మామిడి ధర పడిపోయి, కిలోకు నాలుగు రూపాయలు ప్రభుత్వమే ఇస్తామని ప్రకటించాల్సి వచ్చిన రోజులు జిల్లాలో అందరూ చూశారు. రైతు నష్టపోయిన ఏడాది ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ఏ మేరకు ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. రెండు జీతాలున్న ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను. రెండేళ్లపాటు ఒకే జీతం మీద, అదీ పంటను బట్టి మారే జీతం మీద నడవబోయే ఇంటికి మాత్రం తొమ్మిది నెలల ఖర్చు ఉండాలి. మీ ఇంటికి అది 2,97,000. ఉన్నది 1,90,000. లక్షా ఏడు వేలు తక్కువ ఉన్న నిధి నుంచి ఫీజు తీసి కడతామని మీరు రాశారు. దయచేసి ఆ పని చేయకండి.

దీని గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మూడేళ్ల క్రితం మీలాగే ఉద్యోగం మానేసి పీజీలో చేరిన ఒక ఉపాధ్యాయురాలు తిరుపతిలో నన్ను కలవడానికి వచ్చారు. దాచుకున్నదంతా ఫీజు కట్టేశారు. రెండో సెమిస్టరులో మామగారు మెట్ల మీద పడి తుంటి ఎముక విరిగితే వేలూరు తీసుకెళ్లారు. ఆ రాత్రి చేతిలో డబ్బు లేక, వారం వారం వాయిదా కట్టే వారం ఫైనాన్సులో నలభై వేలు తెచ్చారు. ఆమె నా బల్ల మీద పెట్టిన ఆ వాయిదాల కార్డు నాకింకా గుర్తుంది. పసుపు రంగు అట్ట, చిన్న చిన్న గళ్లు, కట్టిన ప్రతి వారానికీ ఒక పొట్టి సంతకం. మొదటి ఎనిమిది గళ్లలో ఒకే సిరా ఉంది, తొమ్మిదో గడి ఖాళీ, ఆ తర్వాతివన్నీ జరిమానాతో కలిపి వేరే సిరాతో రాసినవి. ఆ కార్డు తీర్చడానికి మరో కార్డు, దాన్ని తీర్చడానికి నగలు. మూడో సెమిస్టరు ఫీజు గడువు దాటిపోయింది. ఆమె చదువు ఆపింది తెలివితేటలు లేక కాదు. అరవై వేల రూపాయలు బ్యాంకులో కదలకుండా ఉండి ఉంటే ఆమె ఈ రోజు కౌన్సెలరుగా ఉండేవారు.

అందుకే మీరు ఈ సంవత్సరం ఉద్యోగం మానవద్దు. ఇప్పుడు మీ ఇద్దరి ఆదాయంలో ఖర్చు పోగా నెలకు 11,250 మిగలాలి. దాచుతున్నది ఆరు వేలే అంటే తక్కిన ఐదు వేల పైచిలుకు ఎటు పోతోందో ఒక్క రెండు నెలలు పుస్తకంలో రాసి చూడండి. ఆ మొత్తం నిలబెట్టగలిగితే ఏడాదిలో 1,35,000 చేరుతుంది. అప్పుడు మీ దగ్గర 3,25,000 ఉంటుంది. తొమ్మిది నెలల నిధి పక్కన పెట్టినా 28,000 మిగులుతుంది, దానితో బీమా ప్రీమియం కట్టవచ్చు. నిధిని మీ ఇద్దరిలో ఎవరైనా తీయగలిగే ఉమ్మడి ఖాతాలో, సగం స్వీప్ డిపాజిట్‌గా, అంటే అవసరమైనప్పుడు ఖాతా నుంచే తీసుకోగలిగే డిపాజిట్‌గా ఉంచండి. చీటీలో మాత్రం పెట్టకండి. పాట పాడి తెచ్చుకునే డబ్బు ఆపద వచ్చిన రాత్రి పనికి రాదు.

బీమా విషయంలో మీరు ఒక్క మాట కూడా రాయలేదు. మీ పాఠశాల సిబ్బందికి గ్రూపు ఆరోగ్య బీమా ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే మీరు రాజీనామా చేసిన నాటితో అది మీకూ మీ కుటుంబానికీ సాధారణంగా ఆగిపోతుంది, అంటే ఆదాయం తగ్గిన రోజునే రక్షణ కూడా పోతుంది. కనుక రాజీనామా లేఖ ఇవ్వకముందే ముగ్గురికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ, అంటే ఫ్యామిలీ ఫ్లోటరు తీసుకోండి, లేదా గ్రూపు పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగండి. ఇంట్లో ఎవరికైనా షుగరో, బీపీయో ఉంటే దరఖాస్తులో దాచవద్దు. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం ఉండవచ్చు కాబట్టి ఒక ఏడాది ముందు మొదలుపెట్టడం మీకే మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కనుక వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే మంచిదే, కానీ అదొక్కటే ఆధారం అనుకోవద్దు. ఇక మీవారు రెండేళ్లు ఆ ఇంటికి ఏకైక సంపాదనపరుడు కాబోతున్నారు. ఆయన ఏడాది సంపాదన 2,67,000 కనుక ఆయనకేమైనా అయితే కుటుంబానికి డబ్బు అందించే జీవిత బీమా, అంటే టర్మ్ పాలసీ, కనీసం నలభై లక్షలకు ఈ నెలలోనే తీసుకోవాలి. దీన్ని చదువుతో ముడిపెట్టవద్దు, మీరు చదవకపోయినా ఇది అవసరమే.

చదువు విషయానికి వస్తే, ఎమ్మెస్సీ ఒక్కటే దారి కాదు. ఎన్‌సీఈఆర్‌టీ వారు ఉపాధ్యాయుల కోసం గైడెన్స్, కౌన్సెలింగ్‌లో ఒక డిప్లొమా నడుపుతున్నారు. దక్షిణాదికి మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ దాని కేంద్రం. ఏడాది కోర్సులో ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు అక్కడికి వెళ్లి నేర్చుకోవడం, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. మీరు వదులుకోవలసింది రెండేళ్ల జీతం కాదు, ప్రధానంగా ఆ మూడు నెలలే. సీబీఎస్‌ఈ 2018 అఫిలియేషన్ నిబంధనల్లో సైకాలజీ చదివిన వారితో పాటు ఇలాంటి డిప్లొమా ఉన్న పట్టభద్రులను కూడా కౌన్సెలరుగా అంగీకరించారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఫీజు కట్టే ముందు ఇప్పుడు అమల్లో ఉన్నవి చదవండి. ఈ డిప్లొమాతో పని మొదలుపెట్టి, అది మీకు సరిపడుతుందని తేలాక ఎమ్మెస్సీకి వెళ్లడం నాకు తెలివైన వరుసగా కనిపిస్తోంది. ఏ దారి ఎంచుకున్నా ముందుగా చిత్తూరులో, తిరుపతిలో నాలుగు పాఠశాలలకు వెళ్లి, కౌన్సెలరుకు పూర్తికాలం ఉద్యోగం ఇస్తారా, జీతం ఎంత అని నేరుగా అడగండి. అప్పు ఎంత చేయవచ్చో ఆ జవాబే చెబుతుంది. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేయవచ్చని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వవద్దు. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో చెప్పవద్దని యూజీసీ ఆదేశించింది.

ఏడాది తర్వాత ఎమ్మెస్సీయే కావాలనుకుంటే ఫీజు, హాస్టలు కలిపి 2,76,000 బ్యాంకు విద్యా రుణంగా విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా అడగండి. సాధారణంగా నాలుగు లక్షల వరకు తాకట్టు అడగరు, చదువు పూర్తయ్యాక మరో ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. వారాంతాల్లో ఇంటికి వచ్చిపోవడానికి స్త్రీ శక్తి పథకం కింద ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్ ఖర్చు కూడా ఉండదు. మిగిలే ఇంటి లోటును శని, ఆదివారాల ట్యూషన్లతో కొంత, ఖర్చు తగ్గించి కొంత పూడ్చాలి. అయినా చాలకపోతే నగలు తాకట్టు పెట్టకండి, రెండు మూడు సవర్లు అమ్మేయండి. ఈ మాట ఇంట్లో పెద్దలకు నచ్చదని నాకు తెలుసు. కానీ తాకట్టు పెట్టిన నగ ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కలిపి అడుగుతుంది, అప్పుడు మీ చేతిలో జీతం ఉండదు, వేలం నోటీసు వస్తే రెండు సవర్లు కాదు, పదీ పోతాయి. అమ్మిన నగకు వడ్డీ ఉండదు.

నూటికి రెండు రూపాయల అప్పు మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. తెలిసినవారు కావడం వల్ల వడ్డీ తగ్గలేదు కదా. సాధారణంగా ఇలాంటి చోట ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడుగుతారు. మీరు ఇప్పటికే ఏదైనా సంతకం చేసి ఇచ్చి ఉంటే ఈ వారంలోనే మీవారితో కలిసి వెళ్లి ఆ కాగితాలు చేతికి తీసుకోండి. ఇంకా ఏ సంతకమూ చేసి ఉండకపోతే ఈ రోజే ఆ అప్పు ఇచ్చే ఆయనకు ఫోన్ చేసి, ఆ డబ్బు మాకు అక్కరలేదని చెప్పండి.