సూది కదల్లేదని రాశావ్ కదా, దాని గురించి

తమ్ముడూ,

రాతిని పట్టి ఉంచే బోల్టుల మీద నువ్వు పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివా. చదివించే గుణం ఉంది నీ రాతలో, కాదనను. కానీ "బోల్టులన్నీ టెస్టుల్లో పాసయ్యాయి" అని ఒక్క లైన్లో తేల్చేశావ్ చూడు, అక్కడ ప్రాణం ఉసూరుమంది. బోల్ట్ రాయిలోకి దిగి, చుట్టూ పోసిన గ్రౌట్ (సిమెంటూ నీళ్ళూ కలిపిన ముద్ద) పట్టేశాక బయటికి కనపడేది ప్లేటూ నట్టూ అంతే, లోపల ఏమైందో చూసినవాడు లేడు, అందుకేగా టెస్టు పెట్టేది, నువ్వేమో దాన్నే దాటేశావ్.

ముందు ఆ టెస్టు జరుగుతుంటే చూపించు. బోల్ట్ తలకి హైడ్రాలిక్ జాక్ తగిలించి, లోడ్ మెట్లుమెట్లుగా పెంచుతూ, యాంకర్లకైతే (అడుగున మాత్రమే గ్రౌట్ పట్టి, పైన బిగించి లాగే బోల్టులు) మామూలుగా డిజైన్ లోడ్‌కి, అంటే అది మోయాల్సిన బరువుకి, 133 శాతం దాకా తీసుకెళ్ళి (నీ ప్రాజెక్టు స్పెసిఫికేషన్లో వేరే ఉండొచ్చు, చూసుకో) అక్కడ 10 నిమిషాలు పట్టి ఉంచుతారు. 1వ నిమిషానికీ 10వ నిమిషానికీ మధ్య తల 1 మిల్లీమీటరు కన్నా ఎక్కువ జరిగిందా, 60 నిమిషాల దాకా వదలరు, అప్పుడు 6 నుంచి 60 లోపు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. గంటసేపు ఆ జరుగుడు కొలిచే డయల్ గేజ్ సూదినే చూస్తూ నిలబడ్డ మనిషి ఉన్నాడక్కడ, నీ వ్యాసంలో లేడు.

ఇంకోటి, చాలామంది తిరగేసి రాసేది. తక్కువ సాగితే మంచిదనుకుంటారు, కాదు. 5 మీటర్ల ఫ్రీ లెంగ్త్ (గ్రౌట్ పట్టకుండా స్వేచ్ఛగా సాగే పై భాగం) ఉన్న 32 మిల్లీమీటర్ల రాడ్ మీద లోడ్ 200 కిలోన్యూటన్లు పెంచితే ఉక్కు లెక్కప్రకారం 6 మిల్లీమీటర్ల పైచిలుకు సాగాలి, అందులో కనీసం 80 శాతమైనా కనపడాలి. 3 మిల్లీమీటర్లే సాగిందంటే సంబరపడకు, గ్రౌట్ పైకెక్కి ఫ్రీ లెంగ్త్‌ని కూడా పట్టేసుకుందేమో, లోడ్ అడుగున గట్టి రాయి దాకా పోకుండా పైన వదులు రాయి దగ్గరే ఆగిపోతోందేమో. అసలు నువ్వు రాసింది ఫ్రీ లెంగ్త్ ఉన్న యాంకర్లా, పొడుగంతా గ్రౌట్ పోసిన డోవెల్సా? డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు. డోవెల్‌ని లాగితే లోడంతా రంధ్రం నోటి దగ్గరే ఖర్చైపోతుంది, అడుగున గ్రౌట్ చేరకపోయినా పాసైనట్టే ఉంటుంది, అందుకే చిన్న ముక్క మాత్రమే గ్రౌట్ చేసిన విడి బోల్టుల మీద లాగి చూస్తారు.

నేనూ కొత్తలో ఒక సైట్‌కి వెళ్ళొచ్చి "కదలిక దాదాపు సున్నా" అని గొప్పగా రాశా. చదివిన ఒక పెద్ద ఇంజనీరు ఒకటే అడిగాడు, డయల్ గేజ్ స్టాండ్ ఎక్కడ పెట్టారయ్యా అని. నోట్స్ తీసి చూసుకుంటే, జాక్ ఆనించిన రాతి పలక మీదే! పలకా స్టాండూ కలిసి జరుగుతుంటే సూది చెప్పేది నిజం ఎలా అవుద్ది, స్టాండ్ దూరంగా కదలని చోట ఉండాలి. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

గ్రౌట్ గురించి రెండు ముక్కలు చాలు, కానీ సరైనవి రాయి. గ్రౌట్‌ని దిమ్మలుగా పోసి 28 రోజులకి నలగ్గొట్టి చూసే క్యూబ్ రిజల్ట్ వచ్చేసరికి గ్రౌట్ ఎప్పుడో రాయిలో గట్టిపడి ఉంటుంది, అప్పుడు నీళ్ళెక్కువయ్యాయని తెలిసి ఏం లాభం. మడ్ బ్యాలెన్స్ అనే చిన్న త్రాసుతో అక్కడికక్కడే తడి గ్రౌట్ సాంద్రత చూస్తారు, నీళ్ళు సిమెంటు నిష్పత్తి 0.45 అయితే ఘన సెంటీమీటరుకి దాదాపు 1.89 గ్రాములు రావాలి, 1.83కి పడిందంటే 0.5 దాకా నీళ్ళు పోసినట్టే. షాట్‌క్రీట్‌కైతే (రాతి మీద గొట్టంతో చిమ్మే కాంక్రీటు) అదే మనిషి అదే నాజిల్‌తో కొట్టిన టెస్ట్ ప్యానెల్ నుంచి కోర్లు తీస్తారు, తర్వాత సుత్తితో తట్టుకుంటూ పోతే ఊడిన చోట డొల్ల శబ్దం వస్తుంది, ఆ శబ్దం నీ చెవితో విని రాయి. టార్క్ రెంచ్ (నట్టు ఎంత బలంగా తిప్పారో చూపే రెంచ్) చూసి బోల్టులో టెన్షన్ ఇంత అని మాత్రం రాయకు, దారాల్లో రాపిడి ఎంత తినేస్తుందో ఎవడు చెప్పగలడు.

జాక్, ప్రెషర్ గేజ్ కలిపి కాలిబ్రేట్ చేసిన తేదీ అడుగు, టెస్ట్ చేసే బోల్టుల్ని ఎవరు ఎంచారో కూడా అడుగు, వేసినవాళ్ళే ఎంచారా లేక ఇన్‌స్పెక్టరా. చిరాకు పడతారు, పడనీ.

ముందు ఆ డయల్ గేజ్ ఎక్కడ నిలబెట్టారో కనుక్కుని పంపు, ఆ పేరా వచ్చాకే మిగతా దిద్దుబాటు మొదలెడతా.