వదిన పిలిచిందా, మీ ఆయనే వెళ్తానన్నాడా?

ప్రశ్న: మేడమ్, నాకు 29, మా ఆయనకి 32, ఇద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. పెళ్ళై మూడేళ్ళు. యూరప్‌లో బ్యాక్‌ప్యాకింగ్ చెయ్యాలని పెళ్ళైన కొత్తలోనే అనుకుని ఇద్దరం నెలకి చెరో 9 వేలు రెండేళ్ళు ఆర్‌డీ కట్టాం, నాలుగున్నర లక్షలు దాటాయి. సెప్టెంబర్‌లో 16 రోజులు వెళ్దామనుకున్నాం, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, అక్కణ్ణించి ఇటలీ. మా పెద్దాడపడుచు స్టుట్‌గార్ట్‌లో ఉంటారు. మా ఆయన ముందు అక్క దగ్గర రెండ్రోజులు అన్నారు, సరే అన్నాను. తర్వాత రూమ్ రెంట్ మిగుల్తుంది నాలుగు రోజులుందాం అన్నారు, సరేలే అన్నాను. మొన్న వీసా ఫారం నింపుతుంటే చూశాను, మెయిన్ డెస్టినేషన్ దగ్గర జర్మనీ అని ఉంది, 9 రోజులు అక్కడే. ఇటలీ తీసేశారు. మా అత్తగారు అప్పుడే పచ్చళ్ళు మొదలుపెట్టారు, ఇంక బ్యాక్‌ప్యాకులేంటి, రెండు పెద్ద సూట్‌కేసులే. మామగారు పోయాక మా ఆయన ఇంజినీరింగ్ ఫీజులన్నీ వదినే కట్టారు, అందుకోసం పెళ్ళి కూడా లేట్‌గా చేసుకున్నారు, కాబట్టి నేనేం అనలేను. మా ఆయన చాలా మంచివారు. నా ప్రశ్న ఏంటంటే, మిగిలిన 7 రోజుల్లో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఊళ్ళు చూడాలంటే యూరప్ దేశాల రైళ్ళన్నిటికీ పనికొచ్చే యూరైల్ పాస్ మంచిదా, బస్సులా? డార్మ్‌లో ఉంటే ఎంత మిగుల్తుంది? 40 లీటర్ల బ్యాగ్ సరిపోతుందా?
ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: నువ్వడిగినవి ముందు చెప్పేస్తా తల్లీ, అవి చిన్న విషయాలు. 7 రోజులకి యూరైల్ దండగ, ప్రాగ్ నుంచి వియన్నా నాలుగు గంటలు, అక్కణ్ణించి బుడాపెస్ట్ మూడు గంటల్లోపే, విడిగా టికెట్లు ముందే కొనుక్కుంటే ఒక్కోటి ఇరవై యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది. ఇటలీ వెళ్ళేవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి, పాస్ ఉన్నా అక్కడ ఫాస్ట్ రైళ్ళకి సీటు రిజర్వేషన్ డబ్బులు వేరే కట్టాలి. డార్మ్ అంటావా, ఒక్కడే వెళ్ళే కుర్రాడికి అది చవక, జంటకి కాదు, రెండు బెడ్లకి కట్టే డబ్బు కలిపితే చాలాచోట్ల అదే హాస్టల్లో డబుల్ రూమ్‌కి దగ్గర్లోకి వచ్చేస్తుంది. కాస్త తేడా ఉన్నా రూమే తీసుకోండి, మూడేళ్ళు ఆగి వెళ్తూ పై బంకు మీద ఒకరు కింద ఒకరు పడుకోవడం ఏంటి. ప్రాగ్‌లో కొరునా, బుడాపెస్ట్‌లో ఫోరింట్, యూరోలే కదా అని ధైర్యంగా పోకండి, ఏటీఎం రూపాయల్లో లెక్క కట్టమంటావా అనడిగితే వద్దు అని నొక్కు. 40 లీటర్లు చాలు.

అయిపోయాయి నీ ప్రశ్నలు. వీటికి సమాధానం నీ ఫోన్‌లో పది నిమిషాల్లో దొరుకుతుంది, అది నీకూ తెలుసు. ఇంత పెద్ద ఉత్తరం నాకు రాసింది బ్యాగ్ సైజు కోసం కాదు.

నీ ఉత్తరం చదివిన ఎవరికైనా ముందు వదిన మీదే కోపం వస్తుంది, ఆడపడుచు కదా, అక్కడిదాకా రప్పించుకుని చాకిరీ చేయించుకుంటుందని అనుకుంటారు. నాకూ ముందు అలాగే అనిపించి మళ్ళీ మొదట్నించీ చదివాను, వదిన మిమ్మల్ని 9 రోజులు ఉండమన్నట్టు ఒక్క ముక్క లేదు. రెండ్రోజులన్నది మీ ఆయన. నాలుగన్నది మీ ఆయన. ఫారంలో జర్మనీ అని కొట్టింది మీ ఆయన. పచ్చళ్ళు మీ అత్తగారు. వదిన ఈ మొత్తం కథలో నోరే విప్పలేదు! అసలు ఆవిడకి 9 రోజులని తెలుసా?

తెలిసుంటే ఏమనేదో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ దేశాల్లో కాపురాలు చేసే అమ్మాయిలు నాకు బోలెడుమంది రాస్తుంటారు. అక్కడ పనిమనిషి ఉండదు, వంటమనిషి ఉండదు, ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపుగా తెరిచి ఉండవు కాబట్టి నలుగురికి బదులు ఆరుగురికి కూరలూ పాలూ శనివారమే మోసుకొచ్చి ఫ్రిజ్‌లో కుక్కాలి, స్టుట్‌గార్ట్ వైపు వేసవి సెలవులైపోయి సెప్టెంబర్ మధ్యలో బళ్ళు తెరుస్తారు, పిల్లలుంటే సరిగ్గా ఆ హడావుడిలో మీరు దిగుతారు, ఆవిడ ఆఫీసుకి సెలవు పెట్టలేదు, పెట్టకపోతే తమ్ముడూ మరదలూ వస్తే పట్టించుకోలేదంటారు, పోనీ ఇల్లేమన్నా మన ఊళ్ళో ఇల్లా అంటే అదీ కాదు. నువ్వేమో ఊరుకోలేక వంటింట్లో దూరతావు, ఆవిడ వద్దంటుంది, నువ్వు వినవు, ఆవిడ గిన్నెలు ఎక్కడ పెట్టాలో నీకు తెలీదు, నాలుగో రోజుకి ఇద్దరికీ నవ్వులు అరువు తెచ్చుకున్నట్టుంటాయి. తిరిగొచ్చాక నువ్వు మీ అమ్మతో, ఆవిడ వాళ్ళమ్మతో ఫోన్లు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే అదే మరి. తప్పు మీ ఇద్దరిలో ఎవరిదీ కాదు, కానీ తిట్టుకునేది మీ ఇద్దరే, తెచ్చిపెట్టినాయన మాత్రం మెర్సిడెస్ మ్యూజియంలో ఫొటోలు దిగుతుంటాడు.

కాబట్టి అసలు సమస్య నీకూ వదినకీ మధ్య కాదు, నీకూ అత్తగారికీ మధ్య అంతకన్నా కాదు. మీ ఆయనకీ వాళ్ళక్కకీ మధ్య ఉంది. నాన్న పోయినప్పుడు అక్క తన పెళ్ళి ఆపుకుని ఫీజులు కట్టింది, బాగుంది, గొప్ప మనిషి. ఆ సంగతి ఆ అక్కాతమ్ముళ్ళు ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నారా? అక్కా, నువ్వు లేకపోతే నేను లేను, నేనేం చెయ్యను నీకు అని ఆ అబ్బాయి ఒక్కసారైనా అడిగాడా? అడిగి ఉండడు. మన ఇళ్ళల్లో మగపిల్లలకి ఆ మాట నోట్లోంచి రాదు. రాని మాటకి బదులు ఇలాంటివి వస్తాయి, అక్క ఇంటికే వెళ్దాం, అక్కకిదిద్దాం, అక్క ఏమనుకుంటుందో. ఆవిడ ఏమీ అనుకోకముందే ఈయన అన్నీ అనేసుకుంటాడు.

రుణం తీర్చుకోవద్దని నేననను. అలాంటి అక్కకి చెయ్యనివాడు నా దృష్టిలో మనిషే కాదు. కానీ ఎవరి రుణం వాళ్ళు వాళ్ళ జేబులోంచి తీర్చాలి. ఆ ఆర్‌డీలో సగం నువ్వు కట్టావు, నెలకి 9 వేలు, ఏం కొనుక్కోవాలనుకుని మానుకున్నావో నీకే తెలుసు, ఆ 16 రోజుల సెలవూ నీ మేనేజర్ దగ్గర నువ్వు బతిమాలి తెచ్చుకున్నదే. అది తీసుకెళ్ళి తన అప్పులో జమ వేసే హక్కు ఆయనకి లేదు. పైగా రూమ్ రెంట్ మిగుల్తుంది అన్నాడట! అక్క మీద అంత ప్రేమ ఉన్నవాడు అక్క ఇంటిని లాడ్జి లెక్కలో వేస్తాడా? ఏదో ఒకటే చెప్పమను, అక్కని చూడ్డానికి వెళ్తున్నామా, గది అద్దె ఎగ్గొట్టడానికి వెళ్తున్నామా. రెండూ కలిపి చెప్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు నిన్ను కూడా ఒక మాట అంటాను, పడు. సరే అన్నాను, సరేలే అన్నాను, నేనేం అనలేను. నువ్వు రాసిన మాటలే ఇవి. రెండ్రోజులు నాలుగైనప్పుడు నువ్వు నోరు తెరిచి ఉంటే నాలుగు తొమ్మిది అయ్యేది కాదు. నువ్వు మంచిదానివనిపించుకోవడానికి ఊరుకున్నావు, లోపల కుతకుతలాడుతున్నావు, ఇది ఓర్పు కాదమ్మా. భార్య వద్దంటే ఇల్లు కూలదు. మా ఆయన చాలా మంచివారు అని చివర్లో రాశావు చూడు, మంచివాడైతే మరి చెప్పడానికి భయమెందుకు?

చేయాల్సింది చెప్తా విను. ఆ వీసా పనే నీకు దారి చూపిస్తోంది. మీరు తిరిగే ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకటే వీసా కాబట్టి, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలి, రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి. చుట్టాలింట్లో ఉంటామని రాస్తే ఆ చుట్టం రాసిచ్చిన ఇన్విటేషన్ లెటరూ వాళ్ళ అక్కడి పర్మిట్ కాపీ లాంటివీ పెట్టాలి. అంటే మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటారో వదిన స్వయంగా రాసి సంతకం పెట్టాలి. ఎటూ అడగక తప్పదు కదా, ఆ అడిగేదేదో ఇప్పుడే అడగమను, కాగితం కోసం కాదు, మనిషిని. ఆదివారం పూట, వాళ్ళకి మధ్యాహ్నం అయినప్పుడు, మీ ఆయనే ఫోన్ చెయ్యాలి. నువ్వు చెయ్యకూడదు, పక్కన కూర్చుని అందించకూడదు కూడా. మేం రావాలనుకుంటున్నాం, నీకు ఎన్ని రోజులు వీలవుతుంది అక్కా అని అడగాలి. 9 రోజులు వస్తున్నాం అని చెప్పడం కాదు, తేడా తెలుస్తోందా? నా అనుభవంలో ఇలా అడిగినప్పుడు చాలామంది అక్కలు మూడ్రోజులంటారు, వీకెండ్ కలుపుకుని రండిరా అంటారు, అని హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

ఒకవేళ ఆవిడ నిజంగానే తొమ్మిది రోజులూ ఉండమందనుకో, అప్పుడు కూడా మూడే ఉండండి. ఆ మూడు రోజులూ మాత్రం మనస్ఫూర్తిగా ఉండు, ఫోన్‌లో ప్రాగ్ ఫొటోలు చూసుకుంటూ కాదు. ఆడపడుచు ఇంటికి ఖాళీ చేతుల్తో వెళ్ళం కాబట్టి చీర పెట్టు, పిల్లలకి ఏదన్నా పట్టుకెళ్ళు. పచ్చళ్ళ సంగతి అత్తగారికి నువ్వు కాదు, కొడుకే చెప్పాలి, ఆవకాయ వరకూ సీల్ చేయించి ఒక కేజీ చాలు, నెయ్యీ నాటుకోడి పచ్చడీ మాత్రం వద్దే వద్దు, మాంసంతో పాలతో చేసినవి బయటి దేశాల నుంచి ఈయూలోకి మోసుకెళ్ళకూడదని రూలు, పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. ఈ ఒక్క సంగతి చెప్తే రెండో సూట్‌కేసు దానంతటదే పోతుంది.

ఇంకోటి, ఇది మీ ఆయనకి చదివి వినిపించు. బాబూ, అక్కకి నిజంగా ఏమన్నా చెయ్యాలనుంటే ఆవిడ వంటింట్లోకి ఇంకో ఇద్దర్ని తోలుకెళ్ళకు. ఆ మూడు రోజుల్లోనే ఒక రోజు ఆవిడకో టికెట్ నువ్వు కొని, పిల్లల్ని బావగారికి అప్పజెప్పి, మ్యూనిక్‌కి తీసుకెళ్ళు, రెండు రెండున్నర గంటల రైలు అంతే. నువ్వూ అక్కా ఇద్దరే వెళ్ళండి, నీ భార్య ఆ రోజు స్టుట్‌గార్ట్‌లో ఒంటరిగా తిరుగుతుంది, ఆమెకేం దిగుల్లేదు. రైల్లో కూర్చుని ఆ ఫీజుల సంగతి ఎత్తు. ఏడుపొస్తే ఏడువు. ఇద్దరికీ మంచిది.

మూడ్రోజులు పోగా 13 ఉన్నాయి నీకు, ఇటలీ మళ్ళీ పెట్టుకో. అప్పుడు అక్కడే ఎక్కువ రోజులైతే అప్లికేషన్ ఇటలీకి మారుతుందని మర్చిపోకండి. జర్మనీ స్లాట్ దొరికింది కదా అని దాంట్లోనే వేసేసి, ఉత్తుత్తి హోటల్ బుకింగులు పెట్టి తర్వాత క్యాన్సిల్ చేద్దాం లాంటి తెలివితేటలు వద్దు, వీసా తిరస్కరించాక ఏడిస్తే లాభం లేదు. ఖర్చు పెరుగుతుంది, పెరగనీ. వీసాకే మనిషికి 90 యూరోలు, యూరో వంద దాటి కూర్చుంది, ముప్పై వేల యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పదు, ఫ్లైట్లకి ఇద్దరికీ కలిపి లక్ష పైనే పోతుంది. మిగిలిన దాంట్లో 13 రోజులు పొదుపుగా తిరగొచ్చు, మధ్యాహ్నం సూపర్ మార్కెట్ బ్రెడ్డూ చీజూ, సాయంత్రం ఒక పూట వేడి తిండి. వెనిస్‌లో ఒక రాత్రి తగ్గించి బుడాపెస్ట్‌లో ఒకటి పెంచుకుంటే లెక్క సరిపోతుంది.

ఇక ఆయన ఫోన్ చెయ్యను, అక్కని అలా అడగలేను అన్నాడనుకో. అప్పుడు ఈ ఏడాది ట్రిప్ ఆపేయ్. గొడవ పడకు, అలగకు, నీ సగం నీ అకౌంట్లో వేసుకుని ఫిక్స్‌డ్ చేసెయ్, ఆయన సగంతో ఆయన ఒక్కడే వెళ్ళి అక్క దగ్గర తొమ్మిది కాకపోతే పంతొమ్మిది రోజులుండి రానీ, అందులో నాకే అభ్యంతరం లేదు, నీకూ ఉండకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు దాకా వీసాకి వేసుకోవచ్చు, మీరనుకున్నది సెప్టెంబర్, కంగారేం లేదు. వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ ఆఫీసులో స్లాట్ మాత్రం ఆ ఆదివారం ఫోన్ అయ్యాకే బుక్ చెయ్యండి.