పెరటికి వెదురు తెర
(పెరటి తోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మాది అయిదు సెంట్ల స్థలం. పాత పెంకుటిల్లు, వెనక కాస్త పెరడు ఉన్నాయి. పక్కవారు ఈమధ్య మేడ వేసుకోవడంతో వారి మేడమీది కిటికీలు సరిగ్గా మా కుళాయి గట్టు వైపే తెరుచుకుంటున్నాయి. స్నానాలకు, గిన్నెలు తోముకోవడానికి ఇబ్బందిగా ఉంది. టార్పాలిన్ కడితే గాలికి చిరిగిపోతోంది. ప్రహరీ పొడుగునా వెదురు వేద్దామంటే, పాములు చేరతాయని మా అత్తగారు, పునాదులు లేచిపోతాయని పక్కవారు భయపడుతున్నారు. ఏ రకం వేయాలి, ఎంత దూరంలో వేయాలి?
– ఒక గృహిణి, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, వెదురు నిశ్చింతగా వేసుకోవచ్చు. అయితే రకం ఎంపికలో పొరపాటు జరిగితే మాత్రం మీ అత్తగారి మాట, పక్కవారి మాట రెండూ నిజమవుతాయి. పార్వతీపురం, సాలూరు వైపు కొండల్లో కనిపించే ముళ్ల వెదురు, సాధన వెదురు ఇంటి పెరడుకు తగినవి కావు. ముళ్ల వెదురు దుబ్బు ఏళ్లు గడిచేకొద్దీ చొరరాని కోటలా పెరుగుతుంది, దాన్ని పలచన చేయడం ఇంట్లోవారి వల్ల అయ్యే పని కాదు. మీకు సరిపోయేది నర్సరీలలో హెడ్జ్ బాంబూ అని అమ్మే సన్న రకం, శాస్త్రీయంగా బాంబూసా మల్టిప్లెక్స్. దీని గెడలు వేలి లావుకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, ఆకులు కింది నుంచీ దట్టంగా వస్తాయి, దుంపలు దుబ్బుగా ఒకచోటే ఉండి ఏడాదికి కొద్దికొద్దిగా మాత్రమే పక్కకు జరుగుతాయి. భూమిలో దూరదూరంగా పాకిపోయే జాతులు వేరే ఉన్నాయి, వెదురుకు చెడ్డపేరు తెచ్చినవి ముఖ్యంగా అవే. గోల్డెన్ బాంబూ అన్న పేరుతో పాకే రకాన్నీ, దుబ్బు కట్టే పసుపు గెడల రకాన్నీ కూడా అమ్ముతుంటారు కనుక, పేరును నమ్మకుండా గెడను చూసి కొనండి. కొమ్మ పుట్టిన కణుపుకు పైన గెడ ఒక పక్క నొక్కినట్టుగా గాడి పడి, కణుపుకు రెండేసి కొమ్మలే ఉంటే అది పాకే రకం. మనకు కావలసిన రకంలో గెడ గుండ్రంగా ఉండి, ఒక్కో కణుపు దగ్గర సన్నని కొమ్మలు గుత్తిగా వస్తాయి.

ఇక ఎక్కడ నాటాలన్న విషయంలో నా అభిప్రాయం మీ ఆలోచనకు కొంచెం భిన్నంగా ఉంది. ప్రహరీ పొడుగునా వేయనక్కరలేదు, మీరు కాపాడుకోవలసినది గట్టునే కాబట్టి తెరను గట్టుకు దగ్గరగా పెట్టండి. ఉదాహరణకు కిటికీలో నిలబడినవారి కన్ను నేలకు 15 అడుగుల ఎత్తులో, గట్టు అక్కడికి 20 అడుగుల దూరంలో ఉన్నాయనుకుందాం. గట్టుకు కిటికీ వైపున 5 అడుగుల దూరంలో నాటితే, నిలబడి ఉన్న మనిషిని మరుగుపరచడానికి 8 అడుగుల తెర చాలు, అదే గట్టుకు 15 అడుగుల దూరంలో ప్రహరీని ఆనుకుని నాటితే దాదాపు 13 అడుగులు పెంచవలసి వస్తుంది. దగ్గరగా నాటితే అయిదారు దుబ్బులతోనే పని జరుగుతుంది, ఎత్తు తక్కువ కనుక కత్తిరింపు తేలిక, పక్కవారి గోడ జోలికి వెళ్లనే వెళ్లము. రాలిన ఆకు గట్టు మీద పడుతుంది, రోజూ ఊడ్చుకోవాలి. ఆ ఒక్క శ్రమకు సిద్ధపడండి.

పునాదుల మాటకు వస్తే, వెదురు వేళ్లు గడ్డి వేళ్ల వంటి పీచు వేళ్లు. రావి, మర్రి వేళ్లలా లావెక్కి గోడను చీల్చవు. కానీ దుబ్బు పెరిగి గోడను ఒరుసుకుంటే పలచని ఇటుక గోడను నెట్టగలదు, కాబట్టి ఏ గోడకైనా కనీసం 3 అడుగులు, నీరు కారే గొట్టాల అతుకులకు ఇంకొంచెం ఎక్కువ దూరం వదలాలి. పాము వెదురు కోసం రాదు. దుబ్బు మొదట్లో పేరుకున్న చెత్తలో ఎలుకలు చేరితే వాటి కోసం వస్తుంది. నేల నుంచి అడుగున్నర ఎత్తు వరకు పిల్లకొమ్మలు తీసేసి, మొదలు కంటికి కనపడేలా ఉంచితే మీ అత్తగారికి కూడా ధైర్యంగా ఉంటుంది.

నాటడానికి తొలకరి తరువాత జూన్, జూలై నెలలు మంచివి. రెండడుగుల గుంట తీసి, బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి, మొక్కకూ మొక్కకూ 3 నుంచి 4 అడుగుల ఎడం ఉంచి నాటండి. నీరు నిలిచే చోట దుంప కుళ్లిపోతుంది. మొదటి రెండు వేసవులలో తడి ఆరిపోకుండా చూసుకుంటే మూడో ఏటికి తెర నిండుగా వస్తుంది. వానలు పడగానే దుబ్బు చుట్టూ నేల పగిలి, పొరలు చుట్టుకున్న మొనదేలిన కొమ్ములు పైకి వస్తాయి. నేలలోంచి వచ్చినప్పుడు కొమ్ము ఎంత లావుంటే ఆ గెడ జీవితాంతం అంతే లావు. కొద్ది నెలలలోనే దాని పూర్తి ఎత్తూ వచ్చేస్తుంది. అందుకే కొత్త గెడలు ఎదిగిన తరువాత మీకు కావలసిన ఎత్తులో, కణుపుకు కాస్త పైన తల తెంచండి. తెంచిన గెడ మళ్లీ ఎత్తు పెరగదు, పక్క కొమ్మలు చిక్కబడతాయి. హద్దు దాటి లేచిన కొమ్ములను లేతగా ఉండగానే గునపంతో తీసేయాలి, ముదిరాక ఆ పని చాలా కష్టం. మూడేళ్లు దాటిన గెడలను ఏటా కొన్ని మొదలంటా కోస్తే లోపలికి గాలి, వెలుతురు అందుతాయి.

మన ప్రాంతంలో మరో జాగ్రత్త అవసరం. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఎలా నేలకూల్చిందో మనం మరచిపోలేము. సన్న వెదురు వంగి లేస్తుంది కానీ, తలబరువుతో ఉన్న దుబ్బు వాననీటికి మెత్తబడిన నేలలో ఒరిగిపోతుంది. సెప్టెంబరులోనే పైభాగం తేలిక చేసి, దుబ్బులను నడుము ఎత్తులో కొబ్బరితాడుతో వదులుగా కలిపి కట్టండి.

ప్రశ్న: మా పొలం గట్టు మీద సాధన వెదురు ఉంది. వాటిని కోసి పెరటికి తడికలు అల్లించుకోవాలనుకుంటున్నాము. అటవీశాఖ అనుమతి కావాలా? ఇదివరకు వేయించిన తడిక ఏడాదికే పొడి రాలిపోయింది.
– ఒక రైతు, పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 1927 నాటి భారత అటవీ చట్టంలో వెదురును చెట్టుగా లెక్కించేవారు. 2017 నవంబరులో తెచ్చిన ఆర్డినెన్సు, ఆ తరువాత పార్లమెంటు ఆమోదించిన సవరణ ఆ నిర్వచనం నుంచి వెదురును తొలగించాయి కాబట్టి, అడవి కాని సొంత భూమిలో పెంచిన వెదురును కోయడానికి ఆ చట్టం కింద అనుమతి అవసరం లేదు. అడవి భూమికి ఇది వర్తించదు.

పొడి రాలడానికి కారణం పుచ్చు పురుగు. గెడలోని పిండిపదార్థం కోసం అది తొలుస్తుంది. కొమ్ములు లేచే వానాకాలంలో కోయకండి. వానలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, మూడేళ్లు నిండిన గెడలను మాత్రమే కోసి, కొన్ని వారాలు చెరువు నీటిలో ముంచి ఉంచి, నీడలో ఆరబెట్టిన తరువాత మేదరులకు ఇవ్వండి. తడిక అంచు నేలకు తగిలితే చెద పడుతుంది, కాబట్టి కింద రెండు అంగుళాలు ఖాళీ ఉంచి రాతి గుంజలకు కట్టించండి. వెదురు మొక్కలు ఎదిగే వరకు పై ప్రశ్న అడిగిన రాజాం పాఠకురాలికి కూడా ఇలాంటి తడికే గట్టు దగ్గర టార్పాలిన్ కంటే బాగా పనికివస్తుంది, దాని సందులలోంచి గాలి పోతుంది కనుక అంత తేలికగా చిరగదు.